డైవ్ వాచీ గ్లాసు మీద గీతలు: రుద్దాలా, మార్చాలా?

"గ్లాసు మీద గీత పడింది, టూత్‌పేస్ట్ పెట్టి రుద్దితే పోతుందా?" డైవ్ వాచీ, అంటే నీళ్లలో లోతుకి దిగేటప్పుడు పెట్టుకునే వాచీ, ఉన్నవాళ్లు నన్ను ఈ ప్రశ్న అడగని వారం లేదు. ఒక్క ముక్కలో జవాబు చెప్పలేను. ఆ గ్లాసు యాక్రిలిక్ అయితే పోతుంది. మామూలు అద్దమైతే పెద్దగా పోదు. సఫైర్ అయితే మీ చెయ్యి నొప్పి పుడుతుంది తప్ప గీత కదలదు, పైగా దాని మీద మెరుపు తగ్గించే పూత ఉంటే అది కాస్తా ఊడుతుంది.

అందుకే మొత్తం పనిని వరసగా రాస్తున్నాను. ఒక్క మాట ముందే చెప్పేస్తాను: గ్లాసు మార్చడం ఇందులో తేలిక భాగం. మార్చిన తర్వాత నీళ్లు లోపలికి రాకుండా చూసుకోవడమే అసలు పని. చాలామంది మొదటిది చేసి రెండోది వదిలేస్తారు. అప్పుడు చేతికి ఉన్నది డైవ్ వాచీలా కనిపించే మామూలు వాచీ.

ముందు అది ఏ గ్లాసో తేల్చుకోండి

మూడు రకాలు ఉంటాయి. యాక్రిలిక్ అంటే గట్టి ప్లాస్టిక్. ప్లెక్సీ అనీ, హెసలైట్ అనీ కూడా అంటారు. పాత డైవ్ వాచీల్లో ఎక్కువగా ఇదే. రోలెక్స్ సబ్‌మెరైనర్ 1953లో మొదలైతే, డేట్ లేని 5513 మోడల్ 1980ల చివరిదాకా యాక్రిలిక్‌తోనే వచ్చింది. రెండోది మినరల్ గ్లాసు, అంటే గట్టిపరిచిన అద్దం. సీకో వాళ్లు హార్డ్‌లెక్స్ అని పిలిచేది ఇదే. మూడోది సఫైర్, అంటే కృత్రిమంగా తయారుచేసిన బాగా గట్టి స్ఫటికం. ఇప్పటి ఖరీదైన డైవ్ వాచీల్లో దాదాపు అన్నిటికీ ఇదే ఉంటుంది. అలాగని ఖరీదును చూసి తేల్చేయకండి. సీకో మెరైన్‌మాస్టర్ 300 పాత మోడల్ ఎస్‌బిడిఎక్స్001 తక్కువ ధరదేం కాదు, దానికి ఉన్నది మాత్రం హార్డ్‌లెక్సే.

ఎలా గుర్తుపట్టాలి? వాచీని పై పెదవికి ఆనించండి. యాక్రిలిక్ గోరువెచ్చగా, సఫైర్ చల్లగా తగులుతుంది. గోటితో తడితే యాక్రిలిక్ మొద్దుగా టక్కుమంటుంది. మినరల్‌కీ సఫైర్‌కీ తేడా పట్టడం కష్టం. నీటి బొట్టు వేస్తే సఫైర్ మీద ముత్యంలా నిలబడుతుందనీ, మినరల్ మీద పరుచుకుంటుందనీ చెబుతారు కానీ గ్లాసు మీద చేతి జిడ్డున్నా, పూత ఉన్నా ఆ పరీక్ష మోసం చేస్తుంది. వాచీ వెనక మూత మీదో, పట్టీ తగిలించే కాళ్ల మధ్యో ఉన్న మోడల్ నంబరు పట్టుకుని కంపెనీ వివరాల్లో చూడటమే నమ్మకమైన దారి.

ఏది దేన్ని గీయగలదో 1 నుంచి 10 దాకా చెప్పే మోస్ గట్టిదనం లెక్కలో యాక్రిలిక్ 3 దగ్గర, మినరల్ 5–6 మధ్య, ఇసుకలో ఉండే క్వార్ట్జ్ 7, సఫైర్ 9, వజ్రం 10. అంటే గోడకు గీసుకుంటే మినరల్ మీద గీత పడుతుంది, సఫైర్ మీద పడదు. సఫైర్ మీద నిజంగా గీత పడాలంటే వజ్రమో, సానరాయిలో వాడే సిలికాన్ కార్బైడ్ లాంటిదో తగలాలి. అది ఎక్కువగా దెబ్బ తినేది అంచు దగ్గర, పెచ్చు ఊడి.

అది గీతేనా?

ఈ ఒక్క ప్రశ్న దగ్గర చాలా మంది పని అయిపోతుంది. ఒక మిత్రుడు తన వాచీ సఫైర్ మీద పొడుగాటి బూడిదరంగు గీత పడిందని నెలల తరబడి బాధపడ్డాడు. నేను పెన్సిల్ రబ్బరు తీసుకుని పది సార్లు రుద్దాను, గీత లేదు. ఇనుప గేటుకో, తలుపు గొళ్లానికో రాసుకున్నప్పుడు ఆ లోహమే అరిగి గ్లాసుకి అంటుకుంటుంది. గ్లాసు గట్టిది, లోహం మెత్తనిది. అరిగింది లోహమే.

వరసగా ఇవి చేయండి:

1. క్రౌన్ (వాచీ పక్కన కీ ఇచ్చే గుండీ) బిగించి ఉందో లేదో చూసుకుని, గోరువెచ్చని సబ్బు నీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో తుడవండి. గ్లాసు ఇప్పటికే పగిలినా, లోపల చెమ్మ కనిపించినా కడగకండి.
2. మెత్తటి తెల్ల పెన్సిల్ రబ్బరుతో గీత మీద రుద్దండి. సిరా చెరిపే గరుకు రబ్బరు వద్దు.
3. గోరు కొనను గీతకి అడ్డంగా లాగండి. గోరు తట్టుకుంటే అది లోతైన గీత.
4. తట్టుకోకపోతే వాచీని లైటు కింద పక్కకి వంచి చూడండి. నీలం, ఊదా రంగు మెరుపులో గీత కనిపించి, నేరుగా చూస్తే మాయమైతే గీత పడింది గ్లాసుకి కాదు, మెరుపు తగ్గించే పూతకి. ఒమేగా సీమాస్టర్ డైవర్ 300ఎం లాంటి వాటికి ఈ పూత గ్లాసుకి రెండు వైపులా ఉంటుంది. బయటి పూత ఎంత మంచిదైనా సఫైర్ అంత గట్టిది కాదు.

పూత మీది సన్నగీతలకి ఇంట్లో మందు లేదు. కొంతమంది బయటి పూతను పూర్తిగా రుద్ది తీసేస్తారు. మధ్యలో ఆపితే మాసికలు పడ్డట్టు కనిపిస్తుంది, పూర్తిగా తీస్తే గ్లాసు అద్దంలా మెరుస్తుంది. నా సలహా, రోజూ కంటికి అడ్డం రాకపోతే వదిలేయండి.

యాక్రిలిక్ అయితే: రుద్దండి

కావలసినవి: ప్లాస్టిక్ పాలిష్ (పాలీవాచ్ లాంటిది), కాగితం టేపు, మెత్తటి నూలు గుడ్డ. లోతైన గీతలకైతే 1000, 1500, 2000, 3000 నంబర్ల నీటి సాండ్‌పేపర్లు కూడా. పాలిష్ దొరక్కపోతే తెల్లటి మామూలు టూత్‌పేస్ట్ పనిచేస్తుంది కానీ నిదానంగా. జెల్ రకం పనికిరాదు.

1. బెజెల్ (గ్లాసు చుట్టూ ఉండే రింగు) మీద, కేసు (వాచీ బయటి డొల్ల) అంచుల మీద టేపు రెండు వరసలు వేయండి. అల్యూమినియం బెజెల్ రంగు ఒక్క పొరపాటుకే పోతుంది.
2. గోరుకి తట్టని గీతలైతే సాండ్‌పేపర్ జోలికి పోకండి. శనగగింజంత పాలిష్ వేసి, గీతకి అడ్డంగా రెండు మూడు నిమిషాలు రుద్దండి. తుడిచి చూడండి. అవసరమైతే మళ్లీ.
3. గోరుకి తట్టే గీత ఉంటే తడి 1500తో మొదలుపెట్టండి. మరీ లోతైతే 1000. గీత ఉన్నచోట మాత్రమే కాకుండా గ్లాసు మొత్తం సమానంగా రుద్దాలి. లేకపోతే అక్కడ గుంట పడి, అందులోంచి ముళ్లు వంకరగా కనిపిస్తాయి.
4. నంబరు మార్చిన ప్రతిసారీ రుద్దే దిశను అడ్డంగా మార్చండి. కిందటి పేపరు గీతలన్నీ పోయాకే తర్వాతి పేపరు. గ్లాసు పాలరంగులోకి మారుతుంది, భయపడొద్దు.
5. 3000 అయ్యాక పాలిష్‌తో ముగించండి.

డేట్ మీద భూతద్దం బుడిపె ఉంటే దాని మీద సాండ్‌పేపర్ పెట్టకండి, పాలిష్ చాలు. తుడవడానికి స్పిరిట్, ఆల్కహాల్ వాడకండి. యాక్రిలిక్ లోపల వెంట్రుకల్లాంటి పగుళ్లు వస్తాయి. పాలిష్ మోటారు పెట్టేవాళ్లకి ఒక హెచ్చరిక: వేడెక్కితే ఈ గ్లాసు కరిగి అలలు తేలుతుంది. చేత్తోనే చేయండి.

ఇప్పటికే ఇలాంటి సన్నటి పగుళ్లు కనిపిస్తుంటే రుద్ది లాభం లేదు, మార్చాల్సిందే.

మినరల్, సఫైర్: రుద్దితే?

మినరల్ మీద సీరియం ఆక్సైడ్ పొడి నీళ్లలో కలిపి, గట్టి ఫెల్ట్ ముక్కతో రుద్దితే సన్నగీతలు పోతాయి. గోరుకి తట్టేవి పోవు. సఫైర్‌కి వజ్రపు పేస్ట్ కావాలి. 7 మైక్రాన్ల దగ్గర మొదలుపెట్టి, 3, 1, అర మైక్రాన్ దాకా దిగాలి.

నేను ఒకసారి పాత సఫైర్ గ్లాసు మీద ఈ ప్రయోగం చేశాను. సాయంత్రమంతా రుద్దాక గీత పోయింది. వాచీని కాస్త తిప్పి చూస్తే నాలుగు గంటల గుర్తు దగ్గర నిమిషాల గీతలు నీళ్లలో చూసినట్టు వంగి కనిపించాయి. గీత లోతు వరకూ అక్కడ గుంట తవ్వాను మరి. పూత సంగతి చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత సఫైర్‌ని రుద్దమని ఎవరికీ చెప్పలేదు. మార్చండి, లేదా వదిలేయండి.

మార్చే ముందు: ఇంట్లో చేయకూడనివి

వారంటీ ఉన్న వాచీని తెరవకండి. పాత అరుదైన మోడల్ అయితే దానితోపాటు వచ్చిన గ్లాసుకే విలువ ఉంటుంది, తీసేముందు తెలిసినవాళ్లని అడగండి. మెరైన్‌మాస్టర్ 300 లాంటి వాటికి వెనక మూతే ఉండదు. మూవ్‌మెంట్ (లోపలి యంత్రం) ముందు నుంచి, గ్లాసు తీశాకే బయటికి వస్తుంది. వాటిని అనుభవమున్న మెకానిక్‌కే ఇవ్వండి.

ఇంకొకటి ముఖ్యం. 1960ల మొదటి భాగానికి ముందు తయారైన వాచీల డయల్ మీద, ముళ్ల మీద రేడియం పూసేవాళ్లు. చీకట్లో ఇప్పుడు వెలగకపోయినా అది చురుగ్గానే ఉంటుంది. రాలిన పొడి ఊపిరితో లోపలికి వెళ్లడం ప్రమాదం. అలాంటి వాచీని ఇంట్లో తెరవొద్దు.

కావలసినవి

- సరైన కొలత గ్లాసు, కొత్త గ్లాసు గాస్కెట్ (గ్లాసు చుట్టూ నీళ్లు రాకుండా ఆపే నైలాన్ రింగు), వెనక మూతకి కొత్త రబ్బరు రింగు
- స్క్రూ తిప్పే రకం గ్లాసు ప్రెస్, గ్లాసుకి ఆనించి నొక్కే గుండ్రటి నైలాన్ డైలు (లివర్ రకం కన్నా ఇది నయం, ఒత్తిడి మీ చేతిలో ఉంటుంది)
- వెనక మూత తెరిచే సాధనం, బెజెల్ లేపే కత్తి, టేపు
- కొలతలు తీసే డిజిటల్ కాలిపర్, కంటికి పెట్టుకునే భూతద్దం (లూప్)
- వేలి తొడుగులు, గాలి ఊదే రబ్బరు బల్బు, దుమ్ము అంటుకునే రోడికో ముద్ద
- సిలికాన్ గ్రీజు
- మూవ్‌మెంట్ పెట్టడానికి హోల్డర్, మూత ఉన్న డబ్బా

ఇవన్నీ ఒక్కసారి కోసం కొనడం దండగ అనిపిస్తే ఆ లెక్క సరైనదే. ఒక్క వాచీ కోసమైతే మెకానిక్‌కే ఇవ్వండి. చేసి తీరాలనుకుంటే ముందు పాత, పనికిరాని కేసు మీద రెండు సార్లు గ్లాసు తీసి పెట్టడం సాధన చేయండి.

గ్లాసు మార్చడం

1. తెరవండి. బ్రేస్‌లెట్ తీసేయండి. వెనక మూత చుట్టూ టేపు వేసి, సాధనం పళ్లు గాళ్లలో పూర్తిగా కూర్చున్నాకే తిప్పండి. జారిందంటే ఈసారి గీత కేసు మీద.

2. మూవ్‌మెంట్ బయటికి. క్రౌన్ థ్రెడ్లు విప్పండి, స్టెమ్ (క్రౌన్‌కి ఉండే సన్నటి కడ్డీ) వదిలించి, డయల్, ముళ్లతో సహా మూవ్‌మెంట్‌ని హోల్డర్‌లో పెట్టి డబ్బా బోర్లించండి. ఈటీఏ 2824 రకం స్విస్ మూవ్‌మెంట్ అయితే క్రౌన్‌ని బయటికి లాగకుండా, కీ ఇచ్చే స్థానంలోనే ఉంచి స్టెమ్ తీయండి. ముళ్లు తిప్పే స్థానంలో తీస్తే లోపలి భాగాలు పక్కకి జరిగి స్టెమ్ మళ్లీ కూర్చోదు. మూవ్‌మెంట్ లోపల ఉండగా గ్లాసు నొక్కడం మాత్రం ఎప్పుడూ చేయకండి.

3. బెజెల్ తీయండి. తిరిగే బెజెల్ చాలా వాటిలో నొక్కి కూర్చోబెట్టిందే. కత్తి అంచుని చుట్టూ కొంచెం కొంచెంగా జరుపుతూ లేపండి. కింద స్ప్రింగు, చిన్న బంతి ఉంటే ఎగిరిపోతాయి, కాబట్టి ట్రేలో పెట్టి చేయండి. ముందే ఫోటో తీసుకోండి. సబ్‌మెరైనర్ లాంటి వాటిలో బెజెల్ కింద ఒక లోహపు రింగు గ్లాసునీ గాస్కెట్‌నీ బిగించి ఉంచుతుంది, ముందు అది రావాలి.

4. పాత గ్లాసు తీయండి. గ్లాసు కన్నా కొంచెం చిన్న డైని లోపలి నుంచి, కేసుకి ఆనే పెద్ద డైని బయటి నుంచి పెట్టి నొక్కండి. లోపలి డై గ్లాసుకి మాత్రమే తగలాలి. డయల్ చుట్టూ ఉండే చాప్టర్ రింగుకి తగిలితే ముందు అది వంగుతుంది.

5. కొలవండి. వ్యాసం మూడు చోట్ల, అంచు మందం, మొత్తం ఎత్తు. పాత గాస్కెట్ ఎత్తు, మందం కూడా. చిన్న తేడాలే ఇక్కడ పని చెడగొడతాయి: 0.1 మి.మీ. తక్కువైతే గ్లాసు వదులు, 0.1 ఎక్కువైతే పగిలే ప్రమాదం. గ్లాసు ముక్కలైపోతే ఊహించి కొనకండి, మోడల్ నంబరుతో తెప్పించుకోండి.

6. గ్లాసు కూర్చునే గాడి శుభ్రం చేయండి. చెక్క పుల్లతో పాత మురికి తీసి లూప్‌తో చూడండి. ఇక్కడ మిగిలిన ఒక్క రేణువు రేపు నీళ్లకి దారి.

7. కొత్త గాస్కెట్ పెట్టండి. ఎల్ ఆకారంలో ఉంటే ఏ వైపు కిందికో పాతదానితో పోల్చి చూసుకోండి. పాతది మళ్లీ వాడకండి. ఒకసారి నొక్కుకుపోయిన నైలాన్ మళ్లీ పూర్తి ఆకారానికి రాదు. ఈ గాస్కెట్‌కి జిగురు, గ్రీజు రాయొద్దు, పొడిగానే కూర్చోవాలి.

8. గ్లాసు నొక్కండి. ముందు చాప్టర్ రింగు సరిగ్గా ఉందో చూడండి. పన్నెండు గుర్తు వంకరగా ఉంటే జీవితాంతం కనిపిస్తూనే ఉంటుంది. డేట్ భూతద్దం ఉంటే మూడు గంటల వైపుకి సరిపెట్టండి. గ్లాసుని సమంగా ఉంచి, గ్లాసు అంచుకి మాత్రమే ఆనే డై ఎంచుకోండి. ఉబ్బెత్తు గ్లాసు మధ్యలో చదునైన డై పెడితే పగులుతుంది. పావు తిప్పు తిప్పండి, ఆగండి, పక్కనుంచి చూడండి. ఒక వైపు లేచి ఉంటే నొక్కేయకుండా వెనక్కి తీసి మళ్లీ పెట్టండి. సరిగ్గా కూర్చునేటప్పుడు చేతికి మెల్లగా దిగినట్టు తెలుస్తుంది, ఆ తర్వాత గట్టిగా ఆగుతుంది. ఆగాక ఇంకొంచెం బిగిద్దామనుకోవద్దు. నేను పగలగొట్టిన గ్లాసు ఆ "ఇంకొంచెం" దగ్గరే పగిలింది.

9. చుట్టూ చూడండి. లూప్‌తో గాస్కెట్ పైఅంచు అన్ని వైపులా ఒకే ఎత్తులో ఉందా? ఎక్కడైనా నలిగి బయటికి తోసుకొచ్చిందా? వచ్చిందంటే విప్పి కొత్త గాస్కెట్‌తో మళ్లీ చేయాలి. బ్లేడుతో కోసి సరిపెట్టడం వద్దు.

ఖాళీ కేసుని ముందు పరీక్షించండి

ఈ మెట్టు దాటేసేవాళ్లే ఎక్కువ. మూవ్‌మెంట్ పెట్టకముందే వెనక మూత కొత్త రబ్బరు రింగుకి సన్నగా సిలికాన్ గ్రీజు రాసి బిగించండి. థ్రెడ్ల క్రౌన్ కాబట్టి మూవ్‌మెంట్ లేకపోయినా బిగుసుకుంటుంది. లోపల చిన్న టిష్యూ ముక్క వేయండి.

నీటి రకం ప్రెషర్ టెస్టర్ ఉంటే వాచీని నీటి పైన గాలిలోనే ఉంచి ఒత్తిడి ఎక్కించండి, కొన్ని నిమిషాలు ఆగండి, తర్వాత నీటిలో ముంచి ఒత్తిడిని నెమ్మదిగా వదలండి. ఒకే చోటు నుంచి బుడగలు వరసగా వస్తుంటే అక్కడ కారుతోంది. వెంటనే నీటిలోంచి పైకి లాగండి, లేకపోతే ఒత్తిడి తగ్గాక నీళ్లు లోపలికి దూరతాయి. బెజెల్ గాళ్లలో చిక్కుకున్న గాలి కూడా మొదట్లో ఒకటి రెండు బుడగలుగా వస్తుంది, అది చూసి కంగారు పడొద్దు. చివర్లో మూత తీసి టిష్యూ పొడిగా ఉందో లేదో చూడండి. తడిస్తే పోయింది టిష్యూ ముక్క మాత్రమే.

టెస్టర్ లేకపోతే బకెట్ నీళ్లలో ముంచి చూసి సరిపెట్టుకోకండి, అది లోతు గురించి ఏమీ చెప్పదు. మెకానిక్ దగ్గర పొడి టెస్టర్ ఉంటుంది. అది కేసు ఒత్తిడికి ఎంత నొక్కుకుంటుందో కొలుస్తుంది, నీళ్లతో పని లేదు.

డైవ్ వాచీల ప్రమాణం ఐఎస్ఓ 6425 ప్రకారం వాచీని రాసిన లోతు కన్నా 25 శాతం ఎక్కువ ఒత్తిడిలో పరీక్షించాలి. 200 మీటర్ల వాచీకి, పది మీటర్ల నీటికి ఒక బార్ ఒత్తిడి లెక్కన, అది 25 బార్. ఇంట్లో వాడే టెస్టర్లు మామూలుగా అంత ఎక్కవు. అందుకే ఇంట్లో పాసైన వాచీతో ఈత కొట్టొచ్చు. సిలిండర్ కట్టుకుని లోతుకి దిగేవాళ్లు మాత్రం పూర్తి ఒత్తిడిలో పరీక్షించగల చోట చూపించాకే దిగాలి.

మళ్లీ కూర్చడం, ఆఖరి తనిఖీ

కేసుని బాగా ఆరబెట్టండి. గ్లాసు లోపలి వైపు వేలి తొడుగులతోనే పట్టుకోండి, గాలి ఊదండి, రోడికోతో అద్దండి. డయల్ మీద కూడా అంతే, కానీ ముళ్లకి తగలకుండా. మూవ్‌మెంట్ పెట్టి, మూత బిగించే ముందు వాచీని తిప్పి లైటు కింద లూప్‌తో చూడండి. దుమ్ము ఒక్క పోగు ఉన్నా ఇప్పుడే తీయండి. మూత బిగించాక నల్ల డయల్ మీద తెల్లటి నలుసు కనిపించడమనే బాధ నేను రెండుసార్లు పడ్డాను. ఫ్యాను ఆపి, నూలు చొక్కా మార్చుకుని చేస్తే సగం దుమ్ము తగ్గుతుంది.

బెజెల్ నొక్కి పెట్టాక తిప్పి చూడండి. అన్ని క్లిక్కులూ వినిపించాలి, వెనక్కి తిరగకూడదు. సున్నా గుర్తు పన్నెండుకి ఎదురుగా ఆగాలి.

చివరగా చెమ్మ పరీక్ష. వాచీని 40–45 డిగ్రీల వేడి పలక మీద పది నుంచి ఇరవై నిమిషాలు ఉంచండి. గ్లాసు మీద మామూలు నీటి బొట్టు ఒకటి వేసి, నిమిషం ఆగి, పొడి గుడ్డతో తుడవండి. బొట్టు ఉన్నచోట గ్లాసు లోపలి వైపు పొగమంచులా కనిపిస్తే లోపల తేమ ఉంది. అది కారడం వల్ల వచ్చిందా, మీరు తడి చేత్తో కూర్చడం వల్ల వచ్చిందా అన్నది తర్వాత. ముందు మూత తీయండి, ఆరబెట్టండి, రబ్బరు రింగులన్నీ మళ్లీ చూడండి, మళ్లీ పరీక్షించండి. మరుసటి రోజు ఇదే పరీక్ష ఇంకోసారి చేసి, అప్పుడు కూడా గ్లాసు శుభ్రంగా ఉంటేనే వాచీ పెట్టుకుని నీళ్లలోకి వెళ్లండి.